నాలుగు మూలల పెద్ద చుక్కలు

దయ్యాల్ని నేను నమ్మను. చిన్నప్పుడు టీవీ ఆటలో వాటిని తరిమి తరిమి మింగినదాన్ని, ఇప్పుడెందుకు నమ్ముతాను? దయ్యాలదాకా ఎందుకు, మనుషుల్నే అంత తొందరగా నమ్మను. పాలు పోయించుకునేటప్పుడు నీళ్లు కలిపారేమోనని వేలు ముంచి చూస్తాను. తాళం వేసి గుంజి చూస్తాను, వీధి చివరిదాకా పోయి మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి గుంజి చూస్తాను. మా ఆయన రమేష్ నన్ను చూసి, "పోలీసుల చేరాల్సినదానివి, బ్లౌజులు కుట్టుకుంట కూసున్నవు" అంటాడు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాసేది చదివి "పాపం, ఎవరో ఆట పట్టించి ఉంటారు" అనుకుంటారు. ఆ అనుమానం మీకంటే ముందు నాకే వచ్చింది. ఒక్కొక్కరినీ పట్టుకుని నిలదీశాను కూడా.

మాది గద్వాల. పెళ్లయ్యాక వనపర్తి వచ్చాను. మా ఇంటి పక్క వీధిలో చిన్న టైలరింగ్ షాపు పెట్టుకున్నాను. రమేష్‌ది ఇన్వర్టర్లు, బ్యాటరీలు బాగుచేసే పని. మాకు పిల్లలు లేరు.

నాకు ఒక్కతే అక్క, అరుణ. మేము చదువుకునే రోజుల్లో గద్వాల బస్టాండు దగ్గర ఒక దుకాణంలో చెక్క పెట్టెలో బిగించిన వీడియో గేమ్ ఉండేది. ఆడపిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. బడి నుంచి వస్తూ గుమ్మం బయట నిలబడి, మగపిల్లల మోచేతుల సందుల్లోంచి చూసేవాళ్లం. నీలం గోడల మధ్య వంకర టింకర దారులు. ఆ దారుల నిండా చిన్న చిన్న చుక్కలు. పసుపు రంగు గుండ్రటి బిళ్ల ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ ఆ చుక్కల్ని తినుకుంటూ పోతుంది. మేము దాన్ని 'నోరు' అనేవాళ్లం. నాలుగు దయ్యాలు దాని వెంట పడతాయి. నాలుగు మూలల్లో నాలుగు పెద్ద చుక్కలు మినుకు మినుకుమంటూ ఉంటాయి. పెద్ద చుక్క తింటే కాసేపు దయ్యాలే బెదిరి పరిగెత్తుతాయి, వాటిని కూడా మింగేయవచ్చు. చిన్నవీ పెద్దవీ అన్ని చుక్కలూ తింటేనే రెండో ఆటకు పోతాం.

మా పోరు పడలేక నాయిన కర్నూలు నుంచి టీవీకి తగిలించే గేమ్ సెట్టు తెచ్చాడు. క్యాసెట్ పెట్టి ఆడాలి. దుకాణంలో ఉన్నంత బాగా బొమ్మ రాదు, పాట కూడా కొంచెం వేరు. అయినా మాకు అది చాలు, పండగే.

అంతా మా అవ్వ చెడగొట్టింది. ఒకరోజు మా వెనక కూర్చుని, కళ్లు చికిలించి టీవీ చూస్తూ, "మూలలకు గవేంది?" అని అడిగింది. పెద్ద చుక్కలు అని చెప్పాను. అవ్వ ఒప్పుకోలేదు.

"చుక్కలు కాదు, పాడు కాదు. ఎవరో దిష్టి తీసి మూడు తొవ్వల కాడ ఏసిపోయిన్రు. తొక్కకు బిడ్డా. పక్క నుంచి పోనియ్యి."

మా వైపు ఇది అందరికీ ఉన్న భయమే. దారులు కలిసే చోట ఎవరైనా కోసిన నిమ్మకాయో, కుంకుమ నీళ్ల అన్నమో పడేసి ఉంటే తొక్కరు, దాటరు, చుట్టూ తిరిగి పోతారు. నేను నవ్వి ఆ చుక్కలన్నీ తినేశాను. అక్క మాత్రం తినలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఏ రోజూ తినలేదు. పెద్ద చుక్క దాకా వచ్చి టక్కున వెనక్కి తిరిగేది. చుట్టూ తిరిగి అటువైపు నుంచి మిగిలినవి తినేది. చివరికి నాలుగు మూలల్లో నాలుగు పెద్ద చుక్కలు మాత్రమే మిగిలేవి. అవి తినకపోతే ఆట ముగియదు. వాటిని తప్పించుకుంటూ, దయ్యాల్ని తప్పించుకుంటూ తిరిగి తిరిగి, దొరికిపోయి, నవ్వుతూ "ఇగ నీ వంతే" అని నా వైపు చూసేది.

అందుకే అక్క ఎప్పుడూ రెండో ఆటకు పోలేదు. మొదటి ఆటలో తెర మీద చెర్రీ పండు కనిపిస్తుంది. రెండో ఆటలో స్ట్రాబెర్రీ. గద్వాలలో మాకు స్ట్రాబెర్రీ ఎక్కడ తెలుసు? దాన్ని ఎర్ర సీతాఫలం అనుకునేవాళ్లం. అది నా వంతులోనే కనిపించేది. అక్క పక్కన కూర్చుని చూసేది, "నాకు చూసుడే చాలు" అనేది.

అక్కను నాగర్‌కర్నూల్ ఇచ్చారు. బావ వెంకటేశ్‌కు విత్తనాల దుకాణం. వాళ్లకు ఒక పాప, నందిని. పాప మూడో తరగతిలో ఉండగా అక్కకు జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్చారు. తిరిగి ఇంటికి రాలేదు. ఇంతకంటే ఎక్కువ రాయలేను.

ఆ తర్వాత నందిని మాటలు తగ్గిపోయాయి. అడిగితే జవాబు చెప్పేది, పెట్టింది తినేది, నవ్వు మాత్రం పూర్తిగా పోయింది. అక్క సంవత్సరీకం అయ్యాక వేసవి సెలవులకు నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఇక పంపొద్దని మనసులో అనుకునే తెచ్చుకున్నాను. దాచడమెందుకు, ఆ పిల్ల నాకు కావాలి.

అప్పుడే బావ ఫోన్ చేసి, తనకు మళ్లీ పెళ్లికి కొల్లాపూర్ సంబంధం చూశారని చెప్పాడు. ఆమె పేరు రజిత. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ పెళ్లి నువ్వు చేసుకో బావా. పిల్లను మాత్రం నా దగ్గర ఉంచు. సవతితల్లి కింద ఎందుకు?"

"నీ మీద నమ్మకం లేక కాదు సుజాతా. నా బిడ్డ లేకుంటే నేనెట్ల ఉండాలె? బడి తెరిచేలోపు దాన్నే అడుగుదాం. అది ఎట్లంటే గట్ల చేద్దాం."

నందినిని అడిగితే తల వంచుకుని గౌను అంచు నలుపుకుంటూ కూర్చుంది. బడి తెరవడానికి ఇంకా టైముంది. ఆ పిల్ల ఎటు మొగ్గుతుందో అని నాకు అన్నం సహించేది కాదు.

దాని మనసు మళ్లించాలని గద్వాలలో మా పాత ఇంటి నుంచి చిన్నప్పటి గేమ్ సెట్టు తెప్పించాను. రమేష్ దాని వైర్లు బాగుచేసి మా టీవీకి తగిలించాడు. నందిని ఒక్క రోజులో నేర్చుకుంది. ఈ కాలం పిల్ల, ముందు పెద్ద చుక్కలే తింటుంది, తర్వాత దయ్యాల పని పడుతుంది. అక్క ఎలా ఆడేదో నేను దానికి చెప్పలేదు. చెబితే ఏడుస్తానని భయం. రమేష్‌కు కూడా చెప్పలేదు. అవ్వ, అమ్మానాయినలు పోయాక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఒకరోజు పొద్దున టీవీ, గేమ్ సెట్టు గోడ దగ్గర స్విచ్ ఆపి, ఇల్లు తాళం వేసి, నందినిని షాపుకు తీసుకుపోయాను. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాం. తలుపు తీయగానే టీవీ వెలుగుతోంది. ఆట మధ్యలో ఆగి ఉంది. చిన్న చుక్క ఒక్కటి కూడా లేదు. నాలుగు మూలల్లో నాలుగు పెద్ద చుక్కలు మాత్రం ఉన్నాయి.

కూరగాయల సంచి గుమ్మంలోనే పెట్టి టీవీ దగ్గరికి పోయాను. మొదట వచ్చింది భయం కాదు, కోపం. ఎవడో నాతో ఆడుకుంటున్నాడు అనుకున్నాను.

రమేష్‌కు ఫోన్ చేసి దులిపేశాను. కొత్తకోటలో బ్యాటరీ బిగిస్తున్నానన్నాడు. నమ్మక ఆ ఇంటివాళ్లకు ఫోన్ ఇమ్మన్నాను. వాళ్లు నవ్వుకుంటూ, పొద్దుటి నుంచి మా దగ్గరే ఉన్నాడమ్మా అన్నారు. నా పరువు పోయింది, అయినా ఒక అనుమానం తీరింది.

మా ఇంటి రెండో తాళంచెవి పక్కింటి మహబూబీ దగ్గర ఉంటుంది. పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది. అడిగితే నొచ్చుకుంది.

"మా ఇంట్ల టీవీ పెట్టుడే నాకు రాదు బిడ్డా, మనుమడు పెట్టాలె. నీ తాళంచెవి గాడ గోడ మొలకు ఏలాడుతుంది, చూస్కో."

చెవి అక్కడే ఉంది, మీద సన్నగా దుమ్ము కూడా ఉంది. వేలితో రాసి మరీ చూశాను.

మనుషులు అయిపోయాక గేమ్ సెట్టు మీద పడ్డాను. కరెంటు పోయి వచ్చిందా? వస్తే ఆట మొదటి నుంచి మొదలవుతుంది, మధ్యలో ఆగదు. ఎవరూ ముట్టుకోకపోతే ఈ ఆట తనంతట తాను కాసేపు ఆడి చూపిస్తుంది కదా, అదేమోనని స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. ఎన్నిసార్లు చూసినా అందులో నోరు పెద్ద చుక్కను తింటూనే ఉంది. రమేష్ సాయంత్రం వచ్చి వైర్లు కదిపి, "లూజ్ కాంటాక్ట్ అయ్యుంటది" అన్నాడు. లూజ్ కాంటాక్ట్ చిన్న చుక్కలన్నీ ఏరుకుని తిని పెద్దవి వదిలేస్తుందా అని అడిగితే, వైర్లు వదిలేసి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు నేనే వల పన్నాను. ఆట ఆడే రెండు రిమోట్లనూ సెట్టు నుంచి ఊడబీకి బీరువాలో పెట్టి, తాళం వేసి, చెవి నడుముకు దోపుకున్నాను. మహబూబీ దగ్గరున్న చెవి కూడా తెచ్చుకున్నాను. రిమోటు లేకుండా ఎవడు ఆడతాడో చూద్దామని షాపుకు పోయాను. కొన్నాళ్లు ఏమీ జరగలేదు. నాకే నవ్వొచ్చింది. తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు తీసేసరికి టీవీ వెలుగుతోంది. అవే నాలుగు చుక్కలు. బీరువా తాళం వేసింది వేసినట్టే ఉంది, రిమోట్లు చీర మడతల కింద నేను పెట్టినట్టే ఉన్నాయి.

ఈసారి తెర పైభాగం కూడా చూశాను. ఆటను ఇద్దరి కోసం, ఒకరు దొరికిపోతే ఇంకొకరు ఆడేలా మొదలుపెట్టారు. మొదటివారి దగ్గర అంకెలు ఉన్నాయి. రెండోవారి దగ్గర సున్నా ఉంది.

ఫోన్‌తో ఫోటో తీశాను. అడ్డగీతలు పడ్డాయి, అయినా చుక్కలు కనిపిస్తాయి. ఆ ఫోటో దేనికీ సాక్ష్యం కాదని నాకూ తెలుసు. ఎవరైనా ఆడి, తీసి పెట్టుకోవచ్చు.

నందిని నా పక్కనే నిలబడి, "చిన్నమ్మా, పెద్దవి ఎవరు ఇడిచిపెట్టిన్రు?" అంది. నేను టీవీ ఆపేశాను.

నమ్మను నమ్మను అంటూనే ఆ రోజు నేను మనసులో ఒక మాట అనుకున్నాను. అది అక్కే అయితే, తొక్కొద్దు, అటు పోనివ్వొద్దు అని చెబుతోంది. పిల్లను ఆ ఇంటికి పంపొద్దంటోంది. నాకు కావాల్సిన మాటే అక్క చేత అనిపించుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఎంతో ధైర్యం వచ్చింది.

గుడిలో పెళ్లి అయిపోయాక, బడి తెరిచే ముందు బావ రజితను వెంటబెట్టుకుని వచ్చాడు, పాపకు అలవాటు కావాలని. కొల్లాపూర్ మామిడిపండ్ల గంప తెచ్చారు. రజిత సన్నగా, నెమ్మదిగా ఉంది. వచ్చీరాగానే నన్ను "అక్కా" అంది. ఆ పిలుపు విని నాకు కారం రాసినట్టయింది. ఈమెకు నేనెట్లా అక్కనయ్యాను?

ఊరికే కూర్చోలేక నందిని రిమోట్లు అడిగింది. తీసిచ్చాను. ఇద్దరి ఆట పెట్టి ఒక రిమోటు రజిత చేతిలో పెట్టింది. రజిత దాన్ని తలకిందులుగా పట్టుకుంది. నేను వంటింటి గుమ్మంలో కత్తిపీట వేసుకుని మామిడిపండ్లు కోస్తూ కనిపెట్టి చూస్తున్నాను.

రజిత తడబడుతూ నోరును పై మూలకు నడిపింది. పెద్ద చుక్క ముందు ఆగింది. వెనక్కి తిరిగింది. చేతకాక అనుకున్నాను. కిందికి వచ్చింది, ఇంకో పెద్ద చుక్క. మళ్లీ ఆగింది, మళ్లీ వెనక్కి తిరిగింది. కోస్తున్న పండు పక్కన పెట్టి చూశాను.

"ఆంటీ, గది తినాలె. తింటే దయ్యాలే నిన్ను జూసి ఉరుకుతయి" అంది నందిని.

"నాతోని కాదమ్మా. ఎవరో దిష్టి తీసి మూలకు ఏసినట్లున్నది. ఎట్ల తొక్కుత?"

నందిని ఆమెకేసి చూసింది. తర్వాత నవ్వింది. మొదట ముక్కులోంచి, తర్వాత పొట్ట పట్టుకుని, చాప మీద దొర్లి దొర్లి నవ్వింది. "ఆటల దిష్టేంది ఆంటీ" అంటూ ఇంకా నవ్వింది. సంవత్సరం పైన అయింది నేను ఆ నవ్వు విని. నా వల్ల కానిది ఈమె వచ్చి ఒక్క పూటలో చేసేసిందని కుళ్లుకున్నాను. ఆ నవ్వు ఆగిపోతుందేమోనని భయపడ్డాను కూడా.

బావను బయటికి పిలిచాను.

"నువ్వే నేర్పి తెచ్చినవు గద?"

"ఏం నేర్పిన?"

"అక్క గట్లనే ఆడుతుండె. పెద్ద చుక్కలు తొక్కకుండ. నీకు చెప్పింది, నువ్వు ఆమెకు చెప్పినవు."

బావ నా వైపు ఒక అడుగు వేశాడు. "అరుణకు గీ ఆట వచ్చునా?" అన్నాడు. పక్కకు తిరిగి భుజం మీద తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. నటనను నేను దూరం నుంచే పసిగడతాను. అది నటన కాదు.

వంటింట్లో రజితను కూడా విడిచిపెట్టలేదు. ఎవరు చెప్పారని అడిగాను. ఆమె బిత్తరపోయింది. "ఎవరు చెప్తరక్కా? మా ఊర్ల గట్లనే అంటరు, మూలకు ఏసినయి దాటొద్దని. చెయ్యి గట్లనే ఎనక్కు మర్లింది" అంది. అది మాత్రం నమ్మాను. మా జిల్లాల్లో పుట్టిన ఏ ఆడదాని చెయ్యయినా అలాగే మర్లుతుందేమో. కానీ తాళం వేసిన నా ఇంట్లో ఆడింది ఈమె కాదు. అంతకు ముందు ఈమె వనపర్తిలో అడుగే పెట్టలేదు.

ఆ సాయంత్రం బావ అందరి ముందు నందినిని అడిగాడు. ఈసారి పిల్ల తల వంచుకోలేదు. నా దగ్గరికి వచ్చి నా కొంగు పట్టుకుంది. ఇక్కడే ఉంటానంటుందనుకున్నాను.

"చిన్నమ్మా, నేను నాయినతోని పోత. ఆంటీకి ఆట అస్సలే రాదు, నేను నేర్పియ్యాలె. దసరాకు నీ తాన్కే వస్త. గేమ్ ఈడనే ఉంచు."

సరే బిడ్డా అన్నాను. లోపలికి పోయి, నల్లా తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను.

మర్నాడు పొద్దున నేను, రమేష్ కలిసి వాళ్లను బస్సు ఎక్కించి వచ్చాం. రిమోట్లు రాత్రే బీరువాలో పెట్టాను. స్విచ్ ఆపాను. తాళం నేనే వేశాను, వీధి చివరి నుంచి వెనక్కొచ్చి మళ్లీ గుంజి చూశాను కూడా, రమేష్ విసుక్కున్నాడు. తిరిగి వచ్చి తలుపు తీస్తే టీవీ వెలుగుతోంది.

ఈసారి దారుల నిండా చిన్న చుక్కలు ఉన్నాయి, ఒక్కటీ తినలేదు. నోరు బయలుదేరే చోటే ఆగి ఉంది. ఎవరో ఆట పెట్టి వదిలేశారు, అంతే కదా అని ఊపిరి పీల్చుకోబోయి, తెర పక్కన చూశాను. చెర్రీ పక్కన ఎర్ర సీతాఫలం ఉంది.

రెండో ఆట. అంటే మొదటి ఆటలో ఆ నాలుగూ తినేశారు. పైన మొదటివారి అంకెలు పెరిగి ఉన్నాయి. రెండోవారి దగ్గర మళ్లీ సున్నాయే.

రమేష్ ఒంగి సెట్టు చూశాడు. రిమోట్లు గుచ్చే చోట రెండు బొక్కలూ ఖాళీగా ఉన్నాయి. లూజ్ కాంటాక్ట్ అని ఈసారి అనలేదు. నా పక్కన వచ్చి కూర్చున్నాడు. అప్పుడు మొదటిసారి అవ్వ మాట, అక్క ఆట అంతా అతనికి చెప్పాను.

అది జరిగిన తర్వాత ఇంకెప్పుడూ ఏమీ జరగలేదు. నందిని నాగర్‌కర్నూల్‌లో బాగానే ఉంది. ఫోన్‌లో గలగలా మాట్లాడుతుంది. రజితను ఇప్పుడు అమ్మ అంటోంది. మొదటిసారి విన్నప్పుడు ఫోన్ పెట్టేసి, కుట్టు మిషను ముందు కూర్చుని, కుట్టిన కుట్లే విప్పి మళ్లీ కుట్టాను. ఆటలో ఆ నాలుగు చుక్కలు దాటినవారెవరో, ఎందుకు దాటారో నేను చెప్పలేను. అక్క అని అనను, అనడానికి నా దగ్గర రుజువు లేదు. రమేష్‌ను, మహబూబీని, బావను, రజితను, చివరికి నన్ను నేనే అనుమానించుకున్నాను. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు.

ఒక్కటి మాత్రం ఇంకా కొరుకుతూనే ఉంది. ఆ రోజు నేను చెప్పిందంతా విని రమేష్, "మరి గా సున్నా ఎవరిది?" అని అడిగాడు.

"నాది" అన్నాను. "అక్క మొదలు, నేను తర్వాత. నా వంతు ఇంకా రాలేదు."

అని లేచి స్విచ్ ఆపేశాను.